నాలుగూ నాలుగు దాకా

కదల్లేదు. ఎంటర్ కొట్టింది, మళ్ళీ కొట్టింది, గట్టిగా కొడితే వినబడుతుందన్నట్టు ఇంకోసారి గట్టిగా కొట్టింది. నల్లటి తెరమీద తెల్ల గీత ఉన్నచోటే ఉంది, మినుక్కుమనడం కూడా మానేసింది. అప్పుడు తెలిసింది సత్యశ్రీకి తనేం చేసిందో. జూన్ నెల, భిలాయి, మధ్యాహ్నం మూడు దాటి ఐదు నిమిషాలు, పెరట్లో కాకి కూడా నీడ వెతుక్కుంటోంది, ఈవిడ అరచేతులు మటుకు చల్లబడిపోయాయి. అయ్యో తల్లీ. అందర్నీ ఆపెయ్ అని ముందు చెప్పింది, నన్ను రానియ్ అని తరవాత చెప్దామనుకుంది. ఇంకెక్కడి తరవాత? ముంబైలో ఉన్న ఆ మిషను మొదటి మాట వింటూనే తు.చ. తప్పకుండా పాటించింది, చెప్పినావిడతో సహా అందర్నీ గుమ్మం బయట పెట్టి తలుపేసుకుంది. పన్నెండేళ్ళ సర్వీసు. ఈ పనిలో చేరిన పిల్లలకి మొట్టమొదటి రోజు చెప్పే పాఠం ఇది, ముందు నీ దారి నువ్వు ఉంచుకో, తరవాత మిగతావాళ్ళకి తలుపెయ్యి అని. ఆ పాఠం చెప్పే పంతులమ్మే ఇవాళ గోడ దూకలేక గుమ్మంలో నిలబడింది.

కొంప మునగలేదు ఇంకా, ఇంకా మునగలేదు అని తనకి తనే చెప్పుకుంది. ఎనిమిది ఊళ్ళలో డయాలిసిస్ సెంటర్లు, ఎవరు ఏ మంచం మీద ఏ టైముకి పడుకోవాలో చెప్పే జాబితాలు, వాళ్ళ పాత రిపోర్టులు. కొత్త జాబితాలు ముంబై క్లౌడ్‌లో, పాత రిపోర్టులు వేరే కంపెనీ వాళ్ళ క్లౌడ్‌లో హైదరాబాదులో, రెండింటికీ మధ్య దారి వేసేది ఈ మూసుకుపోయిన గేట్‌వే ఒక్కటే. పొద్దుటి పేషెంట్లు వెళ్ళిపోయారు, సాయంత్రం వాళ్ళు నాలుగున్నరకి గానీ రారు. అందుకే మూడింటికి పెట్టుకుంది ఈ పని. నాలుగున్నర దాటితే మటుకు ఏ కౌంటరులోనో ఏ సిస్టరమ్మో తెర చూసి, పేషెంటు మొహం చూసి, పాత రిపోర్టు రావట్లేదండీ, ఆగండి అంటుంది. సూదికోసం చెయ్యి చాపుకొని కూర్చున్న మనిషిని ఆగమనడం ఎంత పాపం. పై తాళం ప్రసూన దగ్గరుంది, హైదరాబాదులో, సత్యశ్రీకి పై ఆఫీసరు. ఒక్క ఫోను. ప్రసూనా, నన్ను నేనే బయటికి తోసుకున్నాను అని ఒక్క మాట. ఆ మాట నోటంట రావడంలేదు. నాలుగూ పది దాకా చూద్దాం, అప్పటికీ రాకపోతే చేస్తాను అనుకుంది.

ఎందుకంటే గడియారం ఒకటి ఉంది. ఉందేమో. ఇలాంటి పనికి ముందు ప్రతిసారీ ఆ మిషను చెవిలో ఒక మాట వేసి ఉంచుతుంది సత్యశ్రీ: ఇదిగో, గంటలోగా నేను వచ్చి బాగానే ఉంది అని చెప్పకపోతే, నువ్వు చేసిందంతా తీసేసి పాతదే పెట్టెయ్. మూడూ నాలుక్కి కొట్టింది ఆ మాట. అంటే నాలుగూ నాలుక్కి తలుపు దానంతటది తెరుచుకోవాలి. కొట్టిందా? కొట్టినట్టు వేళ్ళకి గుర్తుంది. కానీ పొద్దున ఇదే పని ఇంట్లో లాప్‌టాప్ మీదున్న ఉత్తుత్తి మిషను మీద రిహార్సల్ చేసింది, అప్పుడూ అదే మాట కొట్టింది, తెరమీది రెండు కిటికీలూ నల్లవే, రెండింటి మీదా అక్షరాలు తెల్లవే. పనికి ముందు తెర తుడిచేసే అలవాటొకటి తగలడింది, చూద్దామంటే ఆనవాలు లేదు. వేళ్ళకి గుర్తున్నది పొద్దుటిదా, మూడింటిదా? పదకొండు రోజులుగా నిద్ర సరిగ్గా లేని మనిషికి పొద్దున్నకీ మధ్యాహ్నానికీ తేడా ఏం తెలుస్తుంది.

పదకొండు రోజులు. అవతల గదిలో సురేంద్రనాథ్ పడుకున్నాడు. కూలర్ చప్పుడులోంచి కూడా అతని ఊపిరి తెలుస్తోంది, బరువుగా, లోపలికి పీల్చేటప్పుడు చిన్న ఈలతో. చరోదా రైల్వే యార్డులో పాయింట్స్‌మన్, రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ, వచ్చి, తిని, తలుపు దగ్గరికి వేసుకొని నాలుగుదాకా నిద్ర. సత్యశ్రీకేమో పొద్దున తొమ్మిదికి తెర ముందు కూర్చుంటే లేవడం ఎప్పుడో దేవుడికెరుక. మధ్యలో ఒకే గోడ. పెళ్ళయిన కొత్తలో అడిగేడు, నీ ఉద్యోగం ఏటసలు, నాకర్థమయ్యేటట్టు చెప్పు అని. అప్పుడు చెప్పింది, ఒక పెద్ద కంప్యూటరుకి లోపల్లోపల గోడలు కట్టి నాలుగిళ్ళు చేస్తారండీ, మన సెక్టర్ టూ బ్లాకులో నాలుగు క్వార్టర్లున్నట్టు, ఎవరి వంటిల్లు వాళ్ళది, ఎవరి కుళాయి వాళ్ళది, అవి వర్చువల్ మెషీన్లు. కంటైనర్లంటే ఒకే క్వార్టర్లో గదులు. ఎవరి గదికి వాళ్ళ తాళం, వంటిల్లు మటుకు ఒక్కటే. ఆ వంటింటి పేరు లినక్స్. మరి ఈ గదిలోవాడు పక్క గదివాడితో మాటాడాలంటేనో? అన్నాడు. అదే కదండీ నా ఉద్యోగం, దారి వెయ్యాలి, వెయ్యకపోతే ఒకే కప్పుకింద ఉన్నా ఒకడున్నట్టు ఇంకొకడికి తెలీదు అంది. పగలబడి నవ్వేడు. నాదీ అదే పనే, డబ్బాకి డబ్బా తగిలించడం, మీ డబ్బాలకి చక్రాల్లేవు, అంతే తేడా అన్నాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. మూడూ పదిహేడు.

గొడవంతా క్వార్టరు దగ్గరే వచ్చింది. ఈ ఇల్లు నాన్నది. నాన్న గురునాథరావు స్టీలు ప్లాంటులో ఫర్నేసు దగ్గర ముప్ఫైనాలుగేళ్ళు చేసి, రిటైరయ్యాక లీజుకి తీసుకున్నాడు దీన్ని, పెరట్లో మునగచెట్టు, బాత్రూమ్ గోడమీద తన పొడుగుకి తగ్గట్టు తనే కొట్టుకున్న మేకు. పోయి రెండేళ్ళయింది, మేకుకి ఇంకా తువ్వాలు తగిలించరెవరూ. సురేంద్రకి చరోదాలో రైల్వే క్వార్టరు అలాటయింది ఈ నెల. సంబరంగా వచ్చి చెప్పేడు, పద, యార్డుకి నడిచెళ్ళిపోవచ్చు, అర్ధరాత్రి మోటార్ సైకిలు మీద పన్నెండు కిలోమీటర్లు తప్పుతుంది అన్నాడు. అక్కడ నెట్ ఉండదండీ అంది. నెట్ వేయిస్తానన్నాడు. అక్కడ పవరు పోతుందంది. ఇన్వర్టరు కొంటానన్నాడు. ఇంక ఏ సాకూ దొరక్క, ఇది మా నాన్న ఇల్లు, మీకంత ఇదైతే మీరెళ్ళండి అనేసింది. నోరు జారితే తీసుకోలేం అని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. అతని మొహం చూసింది, చూసికూడా ఆగలేదు. ఏడేళ్ళుగా ఇల్లరికం ఇల్లరికం అని యార్డులో వాళ్ళందరూ ఏడిపిస్తుంటే నవ్వి ఊరుకున్న మనిషి, కాపలావాణ్ణి అన్నమాట ఈ ఇంటికి, అన్నాడు మెల్లిగా. నాతో మాటాడకండి అంది. సరే అన్నాడు.

సరే అన్నవాడు నిజంగానే మాటాడ్డం మానేసేడు. అదే తను ఎదురుచూడనిది. మొగుడూ పెళ్ళాం ఆ మాట వెయ్యిసార్లు అనుకుంటారు, సాయంత్రానికల్లా కాఫీ ఇస్తారు, అయిపోతుంది. ఇతను పట్టాలమీద పనిచేసే మనిషి. ఎర్రజెండా చూపిస్తే ఆగాలి, పచ్చజెండా చూపించేదాకా కదలకూడదు, జెండా చూపించినవాడు నిద్రపోతున్నాడా చచ్చేడా అన్నది మనకనవసరం, అది అతని ధర్మం. ఎర్రజెండా చూపించింది తనే. పచ్చజెండా కూడా తనే చూపించాలి కదా. ఆ సంగతి మూడో రోజుకే అర్థమయింది, అయినా చూపించలేదు. అతనే మొదలుపెట్టాలని కూర్చుంది. నాలుగో రోజు, ఐదో రోజు, ఇద్దరూ వంటింట్లో ఒకరికొకరు తగలకుండా తప్పుకొని నడవడం నేర్చుకున్నారు. నిన్న రాత్రి అతను డ్యూటీకి వెళ్ళాక పప్పు పోపు వేస్తూ పొయ్యి ముందు ఏడ్చింది, పోపు ఘాటు అనుకోడానికి కూడా ఇంట్లో ఎవరూ లేరు. ఒంటరిగా ఉంటే ఒంటరితనం పరవాలేదు, అలవాటవుతుంది. పక్కగదిలో మనిషి ఊపిరి వినిపిస్తూ ఉండగా ఒంటరిగా ఉండడం, అది మటుకు పగవాళ్ళక్కూడా వద్దు.

ఈ పొద్దున గుమ్మం పక్కన సంచి చూసింది. నీలం సంచి, జిప్ వేసి ఉంది, ఉబ్బుగా. అడగలేదు. ఎలా అడుగుతుంది?

"సత్యా! ఏటే, ఉన్నావా లేవా?" పెరటిగోడ అవతల నూకాలమ్మ పిన్ని. పక్క క్వార్టరు, నాన్నతోపాటు పనిచేసినాయన పెళ్ళాం, శ్రీకాకుళం వదిలి నలభై ఏళ్ళయినా ఆ యాస చెక్కు చెదర్లేదు. సత్యశ్రీ తెరని ఒకసారి చూసి, అదెక్కడికీ పోదని గుర్తొచ్చి, పెరట్లోకి వెళ్ళింది. కాళ్ళు భగ్గుమన్నాయి. పిన్ని గోడమీంచి గిన్నె అందించింది.

"మావిడికాయ పచ్చడే. మీ ఆయనకిష్టం గదా. ఉన్నాడా, తొంగున్నాడా?"

"పడుకున్నారు పిన్నీ."

"చరోదాలో క్వార్టరిచ్చేరట గదే. మా అల్లుడు చెప్పేడు. ఈయేళ అయిదు గంటల్లోపల తాళాలు తీసుకోపోతే ఇంకోలికి ఇచ్చేస్తారంట. అల్లుడే ఇవ్వాలి తాళాలు, చూస్తన్నాడు. సంతకం పెట్టడానికి వస్తానన్నాడట మీ ఆయన." ఆగింది. కళ్ళు చికిలించి చూసింది. "నువ్వూ వెళ్తన్నావా?"

సత్యశ్రీ గిన్నె మీది మూత సర్దింది. "చూడాలి పిన్నీ" అంది. చూడాలా? ఏం చూడాలి? ఊరందరికీ తెలిసింది, తనకి తప్ప. పిన్ని ఇంకేమీ అడగలేదు, అడక్కపోవడమే చెప్పింది ఆవిడకి అంతా తెలుసని. "ఎండలో నిలబడకు, లోపలికి పో బేటా" అని గోడవతలికి దిగిపోయింది.

మూడూ నలభై. అయితే నాలుక్కి లేస్తాడు, మొహం కడుక్కుంటాడు, సంచి తీసుకుంటాడు, మోటార్ సైకిలు స్టార్టవుతుంది. ఇరవై నిమిషాలు. ఆ తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ కూడా లేదు, వేలితో తోస్తే తెరుచుకుంటుంది. ముంబై మిషనుకంటే దగ్గర. మూడడుగులు. కుర్చీలోంచి లేవలేకపోయింది. తోసి ఏమనాలి? వెళ్ళకండి అనాలా, నేనూ వస్తాననాలా, ఇల్లు మీదే అనాలా? ఒక్కొక్క మాటా నాలిక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఈ ఇంటికి కూడా ఒక గడియారం పెట్టుకుని ఉంటే ఎంత బావుండేది. ఏమండీ, గంటలోగా నేను వచ్చి బాగానే ఉంది అని చెప్పకపోతే, నేనన్నదంతా తీసేసి పాతదే పెట్టెయ్యండి, అని ముందే ఒక మాట వేసి ఉంచి, ఆ తరవాత దెబ్బలాడి ఉంటే. మిషన్లకి తీసుకున్న జాగ్రత్త మనిషికి తీసుకోలేదు. నీకు బుద్ధుందా సత్యశ్రీ అని పైకే అంది, కూలర్ చప్పుడులో తనకే వినబడలేదు.

నాన్న అయితే ఏం చేసేవాడు. లేటుగా వెళ్ళినప్పుడు ఫర్నేసు దగ్గర రిజిస్టర్లో కారణం రాయాలి. ఒకడు సైకిలు పంక్చరంటాడు, ఇంకొకడు పిల్లకి జ్వరమంటాడు, నాన్న మటుకు 'లేవలేదు' అని రాసి సంతకం పెట్టేవాడు. అరే గురునాథ్, ఇత్‌నా సచ్ మత్ లిఖా కర్, ఇంత నిజం రాయకురా అని ఇన్‌ఛార్జి నెత్తి కొట్టుకునేవాడట. రిలీవర్, అంటే తరవాతి షిఫ్టువాడు, వచ్చి ఛార్జి తీసుకోకుండా మటుకు ఏనాడూ కదల్లేదు నాన్న. ఒక దీపావళికి రావలసినవాడు రాకపోతే పదహారు గంటలు నిలబడి, తెల్లారి వచ్చి, మతాబాలన్నీ కాల్చేసారా అని అడిగేడు. ఛార్జి ఇవ్వకుండా ఎలా వస్తానమ్మా అన్నాడు. తన కంపెనీలో ఇంకోలా ఉంటుంది, ఏదైనా పాడైతే రిపోర్టులో ఎవరి పేరూ రాయకూడదు, 'రూల్స్ వరస మారడం వల్ల' అని రాయాలి, మనిషిని తప్పుపట్టకూడదన్నది వాళ్ళ నీతి. మంచి నీతే. కానీ దానివల్ల పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా ఇది నేను చేసాను అని రాయాల్సిన అవసరం రాలేదు సత్యశ్రీకి. ఆ మాట రాయడం ఎలాగో చెయ్యి మరిచిపోయింది.

నాలుగు. అవతల అలారం మోగింది, ఆగింది. మంచం కిర్రుమంది. నాలుగూ ఒకటి. ఎంటర్. ఏమీ లేదు. చెంబు చప్పుడు, నీళ్ళ చప్పుడు. నాలుగూ రెండు. ఎంటర్. ఏమీ లేదు. కొట్టి ఉండను, పొద్దుటిదే గుర్తున్నది, ప్రసూనకి చెయ్యాల్సిందే. ఫోను చేతిలోకి తీసుకుంది. నాలుగూ మూడు. కాళ్ళ చప్పుడు గదిలోనే అటూ ఇటూ. నాలుగూ నాలుగు. తెల్ల గీత అలాగే ఉంది. అలాగే ఉంది. అలాగే ఉంది. ఒక్కసారిగా తను ఇందాకట్నుంచి కొట్టిన ఎంటర్లన్నీ బొలబొలమని తెరమీద రాలేయి, వరస కింద వరస, గీత మినుక్కుమంది.

వచ్చింది. తల్లీ, వచ్చింది. ఈసారి వరస మార్చి, ముందు తన దారి, తరవాత సెంటర్ల దారులు, ఆఖర్న అందరికీ తలుపు. ముంబై కంటైనర్లు హైదరాబాదు మెషీన్లని పిలిచేయి, అవి పలికేయి, ఎనిమిది ఊళ్ళూ పచ్చగా వెలిగేయి. బాగానే ఉంది అని మిషనుకి చెప్పింది. నాలుగూ పది. ఇంత పని చేసింది, చెప్పుకోడానికి ఒక్క మనిషి లేడు. ఉన్నాడు, గోడవతల. నోరెండిపోయింది. నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది.

ఫ్రిజ్ మీద రిజిస్టరుంది, దానిమీద తను కప్పేసిన పాత పేపరుంది. నాన్న ఇచ్చిన పొడుగు పుస్తకం అది, షిఫ్టులు కలవని మొగుడూ పెళ్ళాం కోసం సురేంద్రే స్కేలు పెట్టి గళ్ళు గీసేడు పెళ్ళయిన ఏడు. తేదీ, టైము, విషయం, ఛార్జి ఇచ్చినవారు, తీసుకున్నవారు, ఆలస్యమైతే కారణం. పాలు కాచేను. గ్యాసు బుక్ చేసేను. నీ కళ్ళజోడు సోఫాకింద దొరికింది. ఛార్జి ఇచ్చేను. ఏడేళ్ళ కాపురం అంతా దాన్లోనే ఉంది. దెబ్బలాడిన రోజు పేపరు కప్పేసింది, మళ్ళీ తెరవలేదు. నువ్వూ నాతో మాటాడకు అని పుస్తకానికి కూడా చెప్పినట్టు. పేపరు తీసింది. తెరిచింది.

నాలుగో తారీకు. పొద్దున 8:50. రిలీవర్ రాలేదు. డ్యూటీలో ఉన్నాను. సురేంద్రనాథ్. ఐదో తారీకు. 8:45. రిలీవర్ రాలేదు. డ్యూటీలో ఉన్నాను. ఆరు. ఏడు. ఎనిమిది. అదే గుండ్రటి రాత, అదే మాట, ఒక్క అక్షరం తేడా లేదు. పదో తారీకు పక్కన, కూలర్లో నీళ్ళు పోసేను, రిలీవర్ రాలేదు. ఇవాళ్టిది ఆఖరిది. 8:55. రిలీవర్ రాలేదు. సాయంత్రం దాకా చూస్తాను.

ఆఖరి లైను మళ్ళీ చదివింది. మాటాడ్డం మానేసేడనుకుంది. రోజూ చెప్తూనే ఉన్నాడు, తన దారి తనే మూసుకుంది. పెన్ను ఎక్కడ, పెన్ను, దారంతో కట్టి ఉంది, వేలాడుతోంది. 16:13. రిలీవర్ వచ్చింది. ఛార్జి తీసుకున్నాను. సంతకం. అక్షరాలు కోడి గీసినట్టొచ్చాయి. పుస్తకం గుండెకి పట్టుకొని వెనక్కి తిరిగేసరికి వంటింటి గుమ్మంలో ఉన్నాడు, తల తడిసి ఉంది, చొక్కా వేసుకున్నాడు, సంచి భుజాన ఉంది. ఆమెను చూడలేదు. పుస్తకం అందుకున్నాడు. చదివేడు. చాలాసేపు చదివేడు, ఒక్క లైనుకి అంతసేపెందుకో.

"పదకొండు రోజులు లేటు" అన్నాడు. గొంతు బొంగురుగా ఉంది, ఇన్నాళ్ళూ వాడనిది. "కారణం గడి ఖాళీగా వదిలేసేవు."

పుస్తకం వెనక్కిచ్చేడు. సత్యశ్రీ గట్టుమీద పెట్టింది. ఆ గడి చిన్నది, రెండు మాటలకంటే పట్టదు. వరస మారడం వల్ల అని రాయొచ్చు. పని ఎక్కువవడం వల్ల అని రాయొచ్చు. కారణం దగ్గర తన పేరు రాసింది.

అతను ఒంగి చూసేడు. గోడమీది గడియారం చూసేడు, నాలుగూ పదహారు. చరోదా ఆఫీసు ఐదు దాకా ఉంటుంది, ఇరవై ఐదు నిమిషాల దారి. ఆ లెక్క అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"తాళాల సంగతి" అంది సత్యశ్రీ. "ఇద్దరం కలిసి అనుకుందాం. నేను వద్దనడంలేదు, ఇది పోతే ఇంకోదానికి అడుగుదాం. ఇవాళ్టికి మటుకు ఉండండి."

సంచి భుజంమీంచి దించి కింద పెట్టేడు. ఒంగి జిప్ లాగేడు, చొక్కాల మడతల కింద వెతికి, తన తువ్వాలు బయటికి తీసేడు. అది పట్టుకొని బాత్రూమ్‌లోకి వెళ్ళేడు. గోడకి నాన్న కొట్టుకున్న మేకు అతనికి కాస్త ఎత్తు. మునివేళ్ళమీద లేచి దానికి తగిలించేడు.